మిగులు బస్తా

ఆరూ ముప్పావు, అంటే ఏడు, ముప్పావు బస్తా ఏ కొట్లోనూ అమ్మరు కదా, కాబట్టి ఏడే, అనుకుని టీచరమ్మ కాగితం మీద ఏడు వేసి చుట్టూ గుండ్రంగా గీత గీసింది, ముప్పై నాలుగేళ్ళు పిల్లల పరీక్ష కాగితాల మీద మార్కుల చుట్టూ గీసిన చెయ్యి, ఉద్యోగం అయిపోయినా చేతికి అలవాటు పోలేదు, రేపు పెరటి తలుపు దగ్గర పొయ్యాల్సిన ర్యాంపు పొడవు ఆరడుగులు, వెడల్పు మూడు, పైన చప్టాని ఆనుకునే చోట ఎత్తు ఆరంగుళాలు, కింద నేలని తాకే చోట సున్నా, కాబట్టి సగటున మూడంగుళాలు, అంటే పావడుగు, ఆరు మూళ్ళు పద్దెనిమిది, అందులో పావు వంతు నాలుగున్నర ఘనపుటడుగులు, ఇసకా కంకరా సిమెంటూ ముందే కలిపేసి అమ్మే బస్తాలట, నీళ్ళు పోసి తిప్పడమే తరవాయి, అవి మూడు కలిస్తే రెండు ఘనపుటడుగులు వస్తుందని కొట్టాయన చెప్పాడు, ఆ లెక్కన ఆరూ ముప్పావు, ఎనిమిదో తరగతిలో వెనక బెంచీవాడు కూడా చేసే లెక్క, దీన్ని మూడుసార్లు సరిచూడ్డం ఎందుకు, కానీ తక్కువైతే పని సగంలో ఆగిపోతుంది, ఆగిన చోట అతుకు పడుతుంది, అతుకు పడ్డ చోట ఎప్పటికైనా పగులుతుందని నాన్న అనేవాడు, ఎక్కువైతే ఆ బస్తా మూలన పడి చెమ్మ పీల్చి రాయవుతుంది, ఒంటిగంట లోపు కొట్టుకి ఫోన్ చేసి ఏదో ఒక అంకె చెప్పెయ్యాలి, రేపు తప్పితే వాళ్ళ బండి మళ్ళీ శనివారం దాకా ఇటు రాదు, అక్క శుక్రవారం ఆసుపత్రి నుంచి వస్తుంది.

అక్క వస్తుంది అనుకోగానే కాగితం మీద అంకెలు అలుక్కుపోయాయి, ఎందుకంటే అక్క నడిచి రాదు, మూడు నెలల కిందట స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది, ఆపరేషన్ అయ్యాక పెద్ద డాక్టరు చెప్పీ చెప్పనట్టు చెప్పాడు, ఇక చక్రాల కుర్చీయే అనుకోండి అని, ఇసక తట్ట తల మీద పెట్టుకుని చేతులు వదిలేసి నిచ్చెన ఎక్కిన మనిషి, ఆ మనిషికి కుర్చీ అంటే టీచరమ్మకి ఇప్పటికీ మింగుడు పడదు, అక్కేమో ఫోన్లో ఏమీ జరగనట్టు, ఒసే చిన్నదానా, పడితే పడ్డాను గానీ బకెట్టు మాత్రం పగల్లేదే అంటుంది, ఆ వెంటనే గొంతు తగ్గించి, నీకు భారమైపోతానేమోనే అంటుంది, రోజుకొకసారి ఆ మాట అనాల్సిందే, రోజుకొకసారి తను నోరు మూసుకో అనాల్సిందే, బావగారు పోయాక అక్కకి ఎవరున్నారు, ఈ ఇంట్లో తనకి మాత్రం ఎవరున్నారు, ఇద్దరూ ఒక్క చోట ఉంటే తిట్టుకోవడానికైనా ఒకరుంటారు, అద్దెకి తెచ్చిన కుర్చీ హాల్లో గోడ వారగా మడతపెట్టి ఉంది, వీధి గుమ్మానికి నాలుగు నిలువు మెట్లు, అటు కుదరదు, పెరటి గుమ్మం ఒక్కటే దారి, తలుపు ముందు కుర్చీ పట్టేంత చప్టా, దాన్నుంచి నేలకి ఆరంగుళాల దిగుడు, ఇన్నేళ్ళూ చూసుకోకుండా దిగిన ఆరంగుళాలు ఇప్పుడు కొండై కూర్చున్నాయి, నిన్న సాయంత్రం ఈ కాలపు మేస్త్రి ఒకతను వచ్చి టేపు సర్రున లాగి, సుద్దతో నాలుగు గీతలు గీసి, బస్తాల లెక్క మీరే తేల్చండి టీచరుగారూ, తక్కువైతే నన్ననొద్దు మరి అని నవ్వేసి మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు, మొత్తం కలిపి ఐదు నిమిషాలు కూడా ఉండలేదు.

నాన్నయితే ఐదు నిమిషాల్లో బద్ద కూడా ముట్టుకునేవాడు కాదు, పనికి ఒప్పుకున్న మొదటి రోజు ఆ ఇంట్లో ఒక పక్కన గొంతుక్కూర్చుని, ఎవరు ఎటు పోతున్నారో ఎవరు ఎటు వస్తున్నారో గంటసేపు ఊరికే చూస్తూ ఉండేవాడు, ఏం మేస్త్రీ, కునుకు తీస్తున్నావా అని ఇంటాయన అడిగితే, లేదు బాబూ, నేల చూస్తున్నా అనేవాడు, ఆ తరవాతే కొలబద్ద చేతికి తీసుకునేవాడు, కొలబద్ద అనుకోగానే టీచరమ్మ లేచింది, అది ఈ ఇంట్లోనే ఉంది, వంటింటి కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా అడ్డంగా ఆనించి, పదిహేనేళ్ళుగా దానికి అదే ఉద్యోగం, చేతికి తీసుకుంటే నాన్న పట్టుకున్న చోట ఇంకా నున్నగా ఉంది, మూడడుగుల బద్ద, అడుగుకొక గాటు చొప్పున రెండు గాట్లు, మూడో అడుగు బద్ద చివరే, అంతకు మించి దాని మీద ఏమీ లేదు, గాలికి కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటుంటే పట్టించుకోకుండా పెరట్లోకి వెళ్ళి, ఎలాగూ లెక్క తేలిపోయింది కదా, సరదాకి ఒకసారి నాన్న పద్ధతిలో కొలుద్దాం అనుకుని, చప్టా అంచు నుంచి బద్ద పరిచి, చివర గోటితో గీత పెట్టి, మళ్ళీ అక్కణ్ణుంచి పరిచి, మోకాళ్ళు పటపటమన్నాయి, రెండు బద్దలూ మీద వేళ్ళ లెక్కన నాలుగంగుళాలు, అంటే ఆరడుగుల నాలుగంగుళాలు, అదేమిటి, వెడల్పు చూస్తే ఒక బద్దా రెండంగుళాలు, మూడడుగుల రెండంగుళాలు, కాగితం తెచ్చుకుని గుణిస్తే ఏడున్నర దాటింది, అంటే ఎనిమిది బస్తాలు.

ఒక బస్తా ఎక్కువ, టీచరమ్మకి నవ్వొచ్చింది, ఎక్కడికి పోతాయి నాన్న లెక్కలు, ఊళ్ళో నాన్న పేరే మిగులు మేస్త్రి, ఎంత చిన్న పని అప్పగించినా చివర్లో ఒక సిమెంటు బస్తా మిగలాల్సిందే, తొమ్మిది పట్టే చోట పది, పది పట్టే చోట పదకొండు, మిగులు మేస్త్రికి పని చెప్పావా, అయితే ఇంకో బస్తాకి గోతం సిద్ధం చేసుకో అని టీకొట్టు దగ్గర మేలమాడేవాళ్ళు, చేతిలో పని బంగారం, బుర్రలో లెక్క బూడిద అని ఒక కాంట్రాక్టరు ఎదురుగానే అన్నాడు, ఎవరు నిలదీసినా నాన్నది ఒకటే జవాబు, నేల తాగుతుంది బాబూ, నేల ఎంత తాగుతుందో మనకేం తెలుసు, నేల తాగడమేమిటి, సాయంత్రానికి బస్తా అలాగే మూతి కట్టుకుని నిలబడి ఉండేది, తాగింది ఎక్కడ, అక్క బడి మానేసి నాన్నతో తట్టలు మొయ్యడానికి పోయేది, తను బడికి పోయేది, ఇద్దరిలో ఒకళ్ళకే పుస్తకాలు కొనగలిగితే చిన్నదానికే కొనమని అక్కే అన్నదట, సాయంత్రం ఇద్దరూ సిమెంటు దుమ్ముతో బూడిద రంగు మనుషుల్లా ఇంటికొస్తుంటే తను గుమ్మంలో కూర్చుని ఎక్కాలు చదువుతూ ఉండేది, నాన్న చెప్పులు విప్పకుండానే పదమూడో ఎక్కం అప్పజెప్పమనేవాడు, ఆయనకి పదో ఎక్కం దాటి రాదు, అయినా తప్పు చెప్తే ఎలాగో పట్టేసేవాడు, గొంతు తడబడుతుంది కదా అనేవాడు, ఆ సాయంత్రాల్లో తడి సిమెంటు వాసనా నాన్న చెమట వాసనా కలిసి ఒక వాసన ఉండేది, ఇప్పుడు ఎక్కడైనా గోడ కడుతుంటే టీచరమ్మ నడక నెమ్మది చేస్తుంది.

నవ్వు మధ్యలో ఆగిపోయింది, ఎందుకంటే నేల తాగే సంగతి తరవాత, ఆరడుగులు ఆరడుగుల నాలుగంగుళాలు ఎలా అయింది, గీతలవే, చప్టా అదే, మేస్త్రి టేపు తప్పా, లోపలికి వెళ్ళి సొరుగులో వెతికి తన ఇనప టేపు తెచ్చి గీతల మీద పరిస్తే ఆరడుగులు, ఒక్క నూలు అటూ ఇటూ లేదు, అలాంటప్పుడు తప్పు దేనిది, టేపుని బద్ద మీద పరిచింది, మొదటి గాటు పన్నెండు, రెండో గాటు ఇరవై నాలుగు, చివర ముప్పై నాలుగు, ముప్పై ఆరు ఉండాల్సిన చోట ముప్పై నాలుగు, రెండంగుళాలు లేదు, అరిగిందేమో అని కొస తడిమితే అరుగుదల కాదు, రంపంతో నిలువుగా కోసిన కొస, కోశాక గరుకు కాగితంతో రుద్దిన కొస, అంటే తెలిసే కోశాడు, పొట్టి బద్దతో కొలిస్తే ప్రతి నేలా ఉన్నదానికన్నా పెద్దదవుతుంది, ప్రతి పనికీ ఒక బస్తా ఎక్కువవుతుంది, పదేళ్ళ పిల్లకి కూడా అర్థమయ్యే సంగతి, దొంగ కొలత, టీచరమ్మ ఆ మాట అనుకోవడం ఇష్టం లేక కూడా అనుకుంది, నాన్నది దొంగ కొలత, ఆ మిగిలిన బస్తాలన్నీ ఏమయ్యేవి, ఎవరికి అమ్మేవాడు, తన పుస్తకాలు వాటితోనే వచ్చాయా, తరగతిలో ఎంతమందికి చెప్పింది, మా నాన్న చదువుకోలేదు గానీ ఒక ఇటుక కూడా వంకరగా పెట్టలేదర్రా అని, సరిగ్గా అప్పుడే కొట్టాయన ఫోన్, అమ్మా, బండి సరుకు రాసేస్తున్నాం, మీవి ఎన్ని బస్తాలు, ఏడేనండీ అంది, మళ్ళీ ఒక్క నిమిషమండీ అంది, ఒంటిగంటకి ఖాయంగా చెప్తానంది, సరేనమ్మా, దాటితే మాత్రం నా చేతుల్లో లేదు అన్నాడాయన, గోడ గడియారం పన్నెండుంబావు చూపిస్తోంది.

ఎవర్ని అడగాలి, నాన్న పోయి పదిహేనేళ్ళు, అమ్మ అంతకు ముందే, ఉన్నది అక్కే, ఫోన్ చేస్తే వార్డులో ఎవరిదో దగ్గూ, ట్రాలీ చక్రాల చప్పుడూ, వాటి మీదుగా అక్క గొంతు, ఏమే, నా రథం దారి తయారైందా, టీచరమ్మకి వంకర టింకర మాటలు చేతకావు, అక్కా, నాన్న కొలబద్ద రెండంగుళాలు పొట్టి, నీకు తెలుసా అని అడిగేసింది, అవతల అక్క పకపకా నవ్వింది, ఓసి పిచ్చిదానా, అన్ని లెక్కలు చదివి ఇప్పుడా కనిపెట్టడం, తెలుసు, ఎందుకు తెలీదు, కోసేటప్పుడు ఆ బద్ద పట్టుకున్నది నేనే, పరంజా పలక మీద పడి కొస చీలిపోయింది, దర్జీ వాళ్ళ ఇంటి పనిలో, చీలిన ముక్క చేతికి గుచ్చుకుంటోందని వడ్రంగి రంపం అడిగి కోసేశాడు, ఆ తొందరలో పొట్టిదైందన్న సంగతే మరిచిపోయాడు, తీరా ఆ పనికి ఒక బస్తా మిగిలింది, ఇంటాయన చిందులేశాడు, నీకు లెక్క రాదా, కళ్ళు లేవా అని, నాన్నకి నోట్లో నాలుకుంటే కదా, సరే బాబూ, వృథా పోనివ్వను అని, ఆ ఇంటి కోడలు, నెలలు నిండిన పిల్లే, నేల మీద కూర్చుని వంగి వంగి బట్టలుతికేది, పెరట్లో నడుమెత్తున ఒక ఉతుకుడు దిమ్మ కట్టేశాడు, రెండ్రోజులాగి మేము సామాను తెచ్చుకోవడానికి వెళ్తే ఆ పిల్ల నిలబడి ఉతుకుతోందే, నడుం మీద చెయ్యేసుకుని నాన్న వైపు చూసి నవ్వింది, అంతే, ఆ నవ్వుతో నాన్న పాడైపోయాడు, కొత్త బద్ద చేసిస్తానని వడ్రంగి అన్నా వద్దన్నాడు.

మరి మిగిలిన బస్తాలు, అమ్మేవాడా అని టీచరమ్మ అడిగింది, అడుగుతుంటే గొంతు తడబడింది, నాన్నుంటే పట్టేసేవాడు, అక్క కూడా పట్టేసింది, ఛీ, అమ్మడమేమిటే, మన ఇంటి నేల ఆఖరిదాకా మట్టిదే కదా, ఒక్క బస్తా ఇంటికి తెచ్చాడా, ఆయనది రోజు కూలీ, బద్ద పొట్టిదైతే ఆయనకేం ఒరిగింది, తిట్లు తప్ప, నిజమే, మట్టి నేల, వారానికోసారి అమ్మ అలుకుతుంటే కాళ్ళు ఎత్తి కూర్చునే మట్టి నేల, అది తనెలా మరిచిపోయింది, అక్క చెప్పుకుపోతోంది, ఇంటాయనలు ప్లాను గీసుకునేటప్పుడు అందరినీ గుర్తుపెట్టుకుంటారే, ఒక్కరిని మరిచిపోతారు, ఆ ఒక్కరూ ఎవరో నాన్న మొదటి రోజే చూసి పెట్టుకునేవాడు, కాంపౌండరు ఇంటి ముందు గేటు పక్కన అరుగుంది చూడు, అది ఉత్తరాలు పంచే ఆయనకి, ఎండలో సంచి దించుకోవడానికి, మీ బళ్ళో కుళాయి కింద బుల్లి దిమ్మ, అది పొట్టి పిల్లలకి, నువ్వు కూడా దాని మీద నిలబడే తాగావు, టీచరమ్మకి ఆ దిమ్మ అరికాళ్ళకి గుర్తుకొచ్చింది, చల్లగా, కొంచెం గరుకుగా, మునివేళ్ళ మీద లేవకుండానే మూతి కుళాయికి అందేది, ముందే అడిగితే ఎవరూ ఒప్పుకోరని నాన్నకి తెలుసు, మిగిలిపోయిందంటే మాత్రం ఎవరూ కాదనరు, పారెయ్యలేరు కదా, ఇంటాయన బస్తానే, ఇంటాయన ఇంట్లోనే, తిట్టుకుంటూనే కట్టనిచ్చేవాళ్ళు, నాన్న దొంగే అయితే అలాంటి దొంగతనం ఇంకెవరైనా చేశారా, అక్కా, మరి నాకెందుకు చెప్పలేదు, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా, అంటే, చెప్పొద్దన్నాడు, గుమాస్తా ఇంటి వసారా పని అయ్యాక, అంది అక్క.

కోర్టు గుమాస్తా ఇల్లు, ఆ రోజు తను మరిచిపోయింది కాదు, ఇంతకాలం గర్వంగా గుర్తుపెట్టుకున్న రోజు, తొమ్మిదో తరగతి సెలవులు, నాన్నకి క్యారేజీ పట్టుకెళ్తే గుమాస్తాగారు కొత్తగా కొన్న ఇనప టేపు చూపించి కొలుస్తావా అమ్మాయీ అన్నారు, కొలిచింది, నాన్నా, నువ్వు ఇరవై ఒకటి అంటున్నావు, ఇది ఇరవై అడుగులే, పది బస్తాలు చాలు, పదకొండెందుకు, అని అందరి ముందూ గట్టిగా, బడిలో జవాబు చెప్పినట్టు చెయ్యెత్తినంత పని చేసి చెప్పింది, గుమాస్తాగారు తొడ చరిచి, నీ కూతురు నిన్ను మించిపోయిందోయ్ మేస్త్రీ అన్నారు, కూలీలు నవ్వారు, నాన్న బద్ద వైపు చూశాడు, తన వైపు చూశాడు, ఆ తరవాత ఇంటి వెనక వైపు చూశాడు, సిగ్గుపడి పక్కకి చూస్తున్నాడనుకుంది అప్పుడు, పాప లెక్కే కరెక్టు బాబూ అన్నాడు, పదకొండో బస్తా బండెక్కి వెనక్కి పోయింది, సాయంత్రం దారిలో తన భుజం మీద చెయ్యేసి, మా అమ్మడు లెక్కల టీచరవుతుంది అన్నాడు, ఆ ఒక్క మాట పట్టుకునే ఇంత బతుకూ బతికింది, ఇంటి వెనక ఏముందక్కా, అని అడిగింది గానీ అడుగుతుండగానే తెలిసిపోయింది, గుమాస్తాగారి తల్లి, ఎత్తు గడప, మోకాళ్ళు వంగని ముసలామె, గడప మీద కూర్చుని ఒక కాలు చేత్తో పట్టుకుని కిందికి దించి, తరవాత రెండోది దించి, చేతులు నేలకానించి లేచేది, టీచరమ్మ మూడేళ్ళు ఆ సందులోంచే బడికెళ్ళింది, రోజూ చూసేది, పాపం అనుకుని వెళ్ళిపోయేది, రెండు మెట్లే అంది అక్క, రెండే రెండు చిన్న మెట్లు, ముసలామె కాలు ఎంత లేస్తుందో జానతో కొలిచి పెట్టుకున్నాడు, ఆ రాత్రి నాన్న ముద్ద మింగలేదు, నేను నిన్ను కేకలేద్దామని లేస్తే చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు, సరైన లెక్క చేసినందుకు పిల్ల ఏడవకూడదే, ఎప్పుడూ చెప్పొద్దు అన్నాడు, ఇప్పుడు నువ్వే అడిగావు గనక చెప్పాను, ఏడ్చావంటే ఫోన్ పెట్టేస్తా, ఇక్కడ అందరూ నన్నే చూస్తున్నారు.

ఏడవను అంటూనే ఏడ్చింది, అక్క అన్నంత పనీ చేసి ఫోన్ పెట్టేసింది, అవతల అక్క కూడా ఏడుస్తోందని టీచరమ్మకి తెలుసు, మొహం కడుక్కుని వస్తే గడియారం పన్నెండున్నర దాటింది, ఏడు చెప్పాలా ఎనిమిది చెప్పాలా, నాన్న పేరు మీద ఒక బస్తా ఎక్కువ తెప్పించుకుని ఏం చేస్తుంది, ముసలామె పోయింది, గుమాస్తా ఇల్లు పడగొట్టేశారు, మూడు అంతస్తులు లేచాయి అక్కడ, ఆ రెండు మెట్లు ఇప్పుడు ఎవరింటికి కడుతుంది, చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే, ఊరికే కూర్చోలేక పెరట్లోకి వెళ్ళి నాన్నలాగే ఒక పక్కన గొంతుక్కూర్చుంది, నేల చూద్దామని, ఎవరు పోతారు ఈ ఇంట్లో, ఎవరొస్తారు, అక్క వస్తుంది, కుర్చీ వస్తుంది, రెండు పెద్ద చక్రాలు, రెండు చిన్న చక్రాలు, అన్నీ గీతల మధ్యే పడతాయి, అక్క పాదాలు కుర్చీ పలక మీదుంటాయి, మోచేతులు తలుపు చట్రానికి తగలవు, అవన్నీ ముందే కొలిచింది, ఇంకెవరున్నారు, ఎవరూ లేరు, అయినా నాన్న ఇంత తొందరగా లేచేవాడు కాదు కదా అని, హాల్లోంచి కుర్చీ తెచ్చి చప్టా మీద పెట్టి విప్పి బ్రేకు వేసింది, వెనక్కి వచ్చి రేపు ర్యాంపు ఉండబోయే చోట నిలబడి, కుర్చీ పిడులు పట్టుకుంది, అక్క కూర్చుందనుకుందాం, వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్ళి రావాలి, తిరిగొచ్చేసరికి తలుపుకి తాళం ఉంటుంది, అదిగో తాళం, చెయ్యి చాపితే అందలేదు, కుర్చీ మీదుగా ఎంత వంగినా జానెడు తక్కువే.

పక్కగా వెళ్ళి తీద్దామంటే చప్టా అంతా కుర్చీయే, కుర్చీకి తప్ప ఎవరికీ చోటు లేదు, చుట్టూ తిరిగి తాళం వైపున్న పెరటి కుళాయి పక్కన అడుగేసింది, ఆ కుళాయి ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, కింద పచ్చగా పాచి, కాలు సర్రున జారింది, తలుపు చట్రం దొరికింది గనక సరిపోయింది గానీ లేకపోతే రెండో తుంటి కూడా ఈ ఇంట్లో చేరేది, అలాగే చట్రం పట్టుకుని కిందికి చూసింది, పాచిలో తన రెండు పాదాల గుర్తులు, ఒకటి జారి సాగింది, ఒకటి సరిగ్గా పడింది, వాటిలోకి నెమ్మదిగా నీళ్ళు ఊరుతున్నాయి, టీచరమ్మ ఆ గుర్తుల్ని చూస్తూ ఉండిపోయింది, కుర్చీని లెక్కేసింది, చక్రాల్ని లెక్కేసింది, అక్క మోచేతుల్ని లెక్కేసింది, వాలు ఎంతుండాలో పుస్తకం చూసి మరీ లెక్కేసింది, కుర్చీ తోసే మనిషిని వెయ్యలేదు, యాభై తొమ్మిదేళ్ళ మనిషి, చేతిలో తాళంచెవి, భుజాన మందుల సంచి, వానొస్తే గొడుగు కూడా, ఆ మనిషి ఎక్కడ నిలబడి తలుపు తీస్తుందో కాగితం మీద ఎక్కడా లేదు, నాన్న ఇక్కడ గంటసేపు కూర్చుని ఉంటే మొదటి పావుగంటలోనే చూసేసేవాడు, వంగి టేపు తీసి పాదాల గుర్తుల చుట్టూ పరిచింది, అడుగు వెడల్పు, అడుగుంబావు పొడవు, చప్టాతో సమంగా రావాలంటే ఆరంగుళాల ఎత్తు, ఎనిమిదింట ఐదు వంతులు, అంటే ఘనపుటడుగులో సగం కన్నా కాస్త ఎక్కువ, మూడు బస్తాలకి రెండు ఘనపుటడుగులైతే దీనికెంత, కాగితం అక్కర్లేకుండానే తేలింది, దాదాపు ఒక బస్తా, మరీ నిండుగా కాదు, మరీ తక్కువా కాదు, రెండు పాదాలు నిలబడేంత.

ఒంటిగంటకి పది నిమిషాలుందనగా కొట్టుకి ఫోన్ చేసి, ఎనిమిది బస్తాలు రాసుకోండి అంది, అదేంటమ్మా, లెక్క ప్రకారం ఏడే అన్నారు కదా ఇందాక, అన్నాడాయన, ఒకటి మిగిలిపోతుందేమో చూసుకోండి, అంటే టీచరమ్మ పెరటి గుమ్మంలో నిలబడి, కుళాయి పక్కన నీళ్ళు నిండిన రెండు పాదాల గుర్తుల వైపు చూస్తూ, నేల తాగుతుంది బాబూ అంది, అంటుంటే ఆ మాట తన గొంతులోంచి నాన్న గొంతుతో వచ్చింది, అవతల ఆయనకేమీ అర్థం కాలేదు, సరేనమ్మా అని పెట్టేశాడు, టీచరమ్మ సుద్దముక్క తీసుకుని, మేస్త్రి గీతల పక్కనే ఆ గుర్తుల చుట్టూ చిన్న గడి గీసింది, పొట్టి కొలబద్ద ఇంకా నేల మీదే ఉంది, దాన్ని తుడిచి ఒళ్ళో పెట్టుకుని గడప మీద కూర్చుంది, అందరి ఇళ్ళలోనూ ప్లానులో లేని ఒక్క మనిషి కోసం నాన్న బతికినంత కాలం ఒక బస్తా ఎక్కువ రాయించాడు, నవ్వినా తిట్టినా, కన్న కూతురే నలుగురిలో తప్పు పట్టినా బద్ద మార్చలేదు, ఈ ఇంట్లో ఆ ఒక్క మనిషీ తనే, ఎనిమిదో బస్తా తనది.